గంధం బొట్టు పెట్టిన మెమరీ కార్డు

నాచారం పాత ఊళ్ళో ముత్తమ్మకు తెలియకుండా ఏ ఇంట్లోకీ కొత్త వస్తువు వెళ్ళేది కాదు. ఫ్రిజ్ దిగినా, కుట్టుమిషను దిగినా, ఆటోలోంచి ఒట్టి అట్టపెట్టె దిగినా ముందు ఆమె చెయ్యి దాని మీద పడాల్సిందే. "ఇదేంది బిడ్డా? ఎట్ల నడుస్తది? కరెంటు మస్తు తాగుతదా?" అని అడిగేది. జవాబు నచ్చితే తలాడించేది, నచ్చకపోతే అక్కడే గడప మీద చతికిలబడి ఇంకో ప్రశ్న వేసేది. వీధిలో కుర్రవాళ్ళు ఆమెకు సీఐడీ ముత్తమ్మ అని పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడినప్పుడు ఆమెకు కోపమేమీ రాలేదు. "సీఐడీలకు సర్కారు జీతమిస్తది. నాకెవరిస్తున్నరు?" అని మాత్రం అడిగింది.

చదువు నాలుగో తరగతి. ఆమె కాపురానికి వచ్చేనాటికి, ఇప్పుడు కంపెనీల రేకుల షెడ్లు ఉన్న చోట అత్తగారి తోటకూర మళ్ళుండేవి. మళ్ళు పోయి కంపెనీలు వచ్చాయి. ఆకుకూర కట్టలు కట్టిన చేతులతోనే ముత్తమ్మ మందు గోలీల కంపెనీలో ప్యాకింగు పనికి చేరింది. మిషను ఆగిపోతే తోటి ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కబుర్లలో పడేవారు. ముత్తమ్మ మాత్రం మెకానిక్కు భుజం మీదుగా మెడ సాచి చూసేది. "గా ఎర్రలైటు ఎందుకొచ్చింది అన్నా? గా కన్నేంది? దాన్ని నీళ్ళతోని కాకుండ గా మందుతోని ఎందుకు తుడుస్తున్నవ్?" చెప్పేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదలదని మెకానిక్కుకు తెలుసు. అందుకని చెప్పేవాడు. నీళ్ళు పడితే గోలీలను పసిగట్టే ఆ గాజు కన్ను మసకబారుతుందనీ, స్పిరిట్ అయితే తుడిచిన వెంటనే ఆరిపోతుందనీ అలా తెలుసుకుంది. ఆ సంగతి తనకెందుకు పనికొస్తుందని ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. తెలుసుకోవడమే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

పని మానేసి ఇంటిపట్టున ఉన్నాక ఆమె కళ్ళకు కొత్త మేత దొరికింది. కొడుకు రాజుకు ఉప్పల్‌లో ఫోటో స్టూడియో ఉంది. రీళ్ళ కాలం పోయి డిజిటల్ కెమెరాలు రావడంతో రాజు ఒక పాత ల్యాప్‌టాప్ కొని ఇంట్లో పెట్టాడు. ఫోటోలు తీయడం అతని పని, ఆల్బం కూర్చడం కోడలు దీప పని. ఆ రెండు పనులకూ మధ్య ఒక పని ఉంది. కెమెరాలోని కార్డు తీసి అందులోని ఫోటోలను ల్యాప్‌టాప్‌లోకి దించాలి. ఆ ల్యాప్‌టాప్‌కు కార్డు పెట్టే సొంత సందు ఎప్పుడో విరిగిపోయింది. అందుకని అగ్గిపెట్టెంత కార్డు రీడర్ ఒకటి తెచ్చుకున్నారు. కార్డును దాని నోట్లో పెట్టాలి, దాని తోకను ల్యాప్‌టాప్ పక్కన గుచ్చాలి, అప్పుడు నీలం లైటు వెలుగుతుంది.

"ఇంత బిళ్ళల పెండ్లంత పడుతదానే?" అని ముత్తమ్మ మొదటి రోజే అడిగింది.

"పడుతది అత్తమ్మా. బరాత్ సుత పడుతది."

"అయితె అన్నం తిన్నోళ్ళందరు దీంట్లనే ఉన్నరు. జర నాకు సూపియ్యి."

దీప చూపించింది. ఒకసారి కాదు, అత్తగారు అడిగినన్నిసార్లు చూపించింది. బంగారు రంగు పళ్ళు కిందికి ఉండాలి, బలవంతంగా తోయకూడదు, లైటు మిణుకుమిణుకుమంటున్నప్పుడు లాగకూడదు. కంట్రోల్ అనే మీట పట్టుకుని సి కొడితే తట్ట నెత్తికెత్తుకున్నట్టు, వి కొడితే తట్ట దించినట్టు అని ముత్తమ్మ తన లెక్కలో గుర్తుపెట్టుకుంది. కొన్నాళ్ళకు ఆ పని పూర్తిగా ఆమె చేతికే వచ్చింది. రాజు ఏ రాత్రి ఏ ఫంక్షన్ నుంచి వచ్చినా కార్డు తల్లి చేతిలో పెట్టి పడుకునేవాడు. పొద్దున దీప లేచేసరికి ఫోటోలు ల్యాప్‌టాప్‌లో కూర్చుని ఉండేవి. అన్నిటికంటే ముందు పెళ్ళికూతురి నగలు చూసేది కూడా ముత్తమ్మే. వీధిలో ఆమె మాటకు అప్పటికే ఉన్న విలువ దాంతో ఇంకొంచెం పెరిగింది.

ఇంటి పై వాటాలో శ్యామలాదేవి కుటుంబం అద్దెకు ఉండేది. గుడివాడ వైపు నుంచి వచ్చిన స్కూలు టీచరు. ముత్తమ్మ ఆమెను టీచరమ్మా అనేది, ఆమె ముత్తమ్మను వదినగారూ అనేది. టీచరమ్మ కూతురు రాజశ్రీకి హబ్సిగూడ సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పేరు తేజేష్. దసరాకు ముందురోజే నిశ్చితార్థం పెట్టుకున్నారు. ఫోటోలు రాజుకే ఇస్తానని శ్యామలాదేవి అంటే, ఆమె బావగారు గంగాధరరావు ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన పెద్ద గుమాస్తా. నలుగురిలో తన మాట నెగ్గకపోతే ఆ పూట అన్నం సహించని మనిషి.

"మన వైపు వాళ్ళను పిలిపిస్తే పోయేదానికి, ఈ లోకల్ కుర్రాడికి ఎందుకమ్మా? రేపు ఫోటోలు రాలేదంటే ఎవర్ని అడుగుతాం?" అన్నాడు మెట్ల మీద నిలబడి, కింద ముత్తమ్మకు వినబడేటట్టే.

ముత్తమ్మ చేతిలో చాట అలాగే పట్టుకుని రెండు మెట్లు ఎక్కింది.

"నన్ను అడుగుండ్రి సారూ. ఫోటోలు రాకుంటే నన్నే అడుగుండ్రి. దసరా నాడు పొద్దుమూకి జమ్మి పెట్టుకోనీకి పిల్లగాని వాళ్ళు వస్తున్నరు గద, గప్పుడే ల్యాప్‌టాపుల అందరికి సూపిస్త. నా మాట."

గంగాధరరావు ఆమెనూ చాటనూ మార్చి మార్చి చూశాడు. "మాట ఇచ్చేవాళ్ళకేం, బోలెడుమంది ఉన్నారు" అన్నాడు. ఆ మాట ముత్తమ్మకు చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది.

నిశ్చితార్థం బాగా జరిగింది. రాజు తెచ్చిన కార్డు చూడగానే, ఆ రాత్రే కాపీ చేసేద్దామంది దీప. అప్పటికే ముత్తమ్మ ఆయుధ పూజకు పీట వేసి, దాని మీద ల్యాప్‌టాప్, కెమెరా, స్టాండు, కార్డు రీడర్ వరసగా సర్దేసింది.

"పూజకు పెట్టిన సామాను మల్ల తీసి పని జేస్తరా? పూజ అయ్యేదాక దాన్ని ముట్టొద్దు" అని కోడలి చేతిలోంచి కార్డు తీసుకుని దాన్ని కూడా పీట మీద పెట్టింది.

పొద్దున్నే రాజుకు అన్నోజిగూడలో హోటల్ ఓపెనింగు పని ఉంది. అందుకని ముత్తమ్మ తెల్లవారకముందే తలంటుకుని పూజకు కూర్చుంది. గిన్నెలో గంధం పసుపు కలిపింది. కెమెరాకు పొట్ట మీద బొట్టు, స్టాండుకు మూడు కాళ్ళకు మూడు, ల్యాప్‌టాప్‌కు మూత మీద అరచేయంత గంధం. చివరికి కార్డు దగ్గర ఆగింది. ఒకవైపు నల్లగా కంపెనీ అక్షరాలు ఉన్నాయి, రెండోవైపు వరసగా బంగారు పళ్ళు మెరుస్తున్నాయి. ఏది ముఖం, ఏది వీపు? నవ్వుతున్నట్టున్న వైపే ముఖమని తేల్చుకుని, ఆ పళ్ళ మీద మూడువేళ్ళతో గంధం పట్టీ తీసి, నడుమ కుంకుమ అద్దింది. హారతి ఇచ్చింది. రాజు దండం పెట్టుకుని, వేరే కార్డుతో కెమెరా సర్దుకుని బండెక్కాడు. "అమ్మా, నిన్నటి కార్డు దించి పెట్టు" అని గేటు దగ్గరనుంచి కేక వేశాడు.

పూజ అయిపోయింది కాబట్టి ఇక ఆలస్యమెందుకని ముత్తమ్మ ఆ కార్డును అలాగే రీడర్ నోట్లో పెట్టింది. ఎప్పుడూ జారిపోయినట్టు వెళ్ళేది ఆ రోజు కొంచెం బిర్రుగా వెళ్ళింది. తోక గుచ్చింది. నీలం లైటు రాలేదు. తీసి మళ్ళీ పెట్టింది. ఇంకొంచెం లోపలికి నొక్కింది. రాలేదు.

"దీపా, జర ఇటు రా."

దీప పిండి చేతులతో వచ్చి చూసింది. కార్డు బయటికి తీసింది. తిప్పింది. "అత్తమ్మా, దీనికి బొట్టు ఏడ పెట్టిన్రు?"

"ముఖానికి."

"ముఖమేది?"

"బంగారు పండ్లున్న దిక్కు. ఇంకేది?"

దీప కార్డును ఆమె కళ్ళ ముందు పెట్టింది. "లోపలున్న ఫోటోలు బయటికొచ్చే బాట గదే అత్తమ్మా. అది మూసుకపోయింది."

మంచం మీద కూర్చుని పేపరు తిరగేస్తున్న గండయ్య తలెత్తాడు. ముత్తమ్మ పెనిమిటి లారీలు నడిపి నడిపి చక్కెర జబ్బుతో ఇంటికి చేరిన మనిషి. మాట తక్కువ, అన్న మాట మాత్రం సూటిగా తగిలేది. "నా ముఖానికి ఎన్నడన్న గంత ప్రేమగ బొట్టు పెట్టినవానే?" అన్నాడు.

"నువ్వు ఫోటోలు దాసిపెడితె నీకు సుత పెడుదును" అంది ముత్తమ్మ. కానీ ఆమె చూపు కార్డు మీదే ఉంది. ఆ బిళ్ళలో రాజశ్రీ ఉంగరం మార్చుకోవడం ఉంది, టీచరమ్మ కంటనీరు ఉంది, మెట్ల మీద తానిచ్చిన మాట ఉంది. నిశ్చితార్థం రెండోసారి చేయమని ఎవరిని అడుగుతుంది?

దీప భయపడుతూ ఫోను తీసింది. "ఆయనకు చెప్దామా?"

"చెప్పు. దాసేదేమున్నది? ఇటియ్యి, నేనే చెప్త."

అవతల బాజాల మోతలో రాజు విన్నాడు. "అమ్మా, టీచరమ్మ వాళ్ళ ఫంక్షన్ మొత్తం అండ్లనే ఉన్నదే. ఇంకో కాపీ లేదు."

"తెలుసురా. నువ్వు ఆడ పని ఇడిసిపెట్టి వస్తె నీ చేతులకేమన్న మంత్రమొస్తదా? పొద్దుమూకేదాక నా మీద ఇడిసిపెట్టు. నువ్వు పరేషాన్ కాకు."

ఫోను పెట్టేసేసరికి దీప చీరకొంగు నీళ్ళలో తడిపి కార్డు తుడవబోతోంది. ముత్తమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది. నీళ్ళు అనగానే ఆమె కళ్ళ ముందు గోలీల మిషను, ఎర్రలైటు, మెకానిక్కు చేతిలో దూదిపింజ కదిలాయి.

"నీళ్ళు వద్దు. ఏమయ్యా, నీ సూది మందు డబ్బాల స్పిరిట్ సీసా ఉన్నదా?"

"ఉన్నది. నాకు మిగులుస్తవా?"

"పండుగ పూట నీకు సూది లేకున్నా పాయసం లేకుంటె సరిపాయె" అంటూ ఆమె సీసా అందుకుంది. వెలుగులో తలుపు దగ్గర కూర్చుంది. ముందు పొడి దూదితో పైపైన ఉన్న గంధం దులిపింది. తర్వాత స్పిరిట్ అద్దిన దూదితో ఒక్కో పన్నును పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచింది. దూది పచ్చబడింది, ఎర్రబడింది, ఆఖరికి తెల్లగానే వచ్చింది. పళ్ళు మళ్ళీ మెరిశాయి.

కానీ రీడర్ మాత్రం కళ్ళు తెరవలేదు. తడి గంధంతో కార్డును రెండుసార్లు కుక్కడంతో ఆ గంధమంతా దాని గొంతులోకి పోయి గట్టిపడింది. దూది అంత లోపలికి పోదు. దులిపితే పసుపు రాలింది తప్ప లైటు రాలేదు.

"ఇది పోయినట్టే" అంది దీప.

"పోతె పోనీ. ఉప్పల్ల మస్తు దొరుకుతయి. చెప్పులేసుకో."

అప్పటికింకా ఉప్పల్ రింగు రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు. రోడ్డు నిండా బంతిపూల దండలు వేసుకున్న ఆటోలు, ముందు అరటి పిలకలు కట్టుకున్న లారీలు, చక్రాల కింద నిమ్మకాయలు చితుకుతున్న చప్పుడు. చాలా షాపులు మూసి ఉన్నాయి. రాజు ఎప్పుడూ సామాను కొనే బుచ్చిరాములు సెల్లుఫోన్ల దుకాణం మాత్రం సగం షట్టరు ఎత్తి ఉంది. ముత్తమ్మ నడుము వంచి లోపలికి దూరింది, వెనకాలే దీప దూరింది.

లోపల బుచ్చిరాములు కొత్త అంగీ వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద టంకం వేసే కడ్డీ, స్క్రూడ్రైవర్లు, విప్పి పెట్టిన రెండు సెల్లుఫోన్లు, కొబ్బరికాయ, గంధం గిన్నె ఉన్నాయి.

"రాములూ, కార్డు రీడర్ ఒకటియ్యి బిడ్డా. అర్జంటు."

"ఇస్త పెద్దమ్మా. పూజ కానియ్యి. పూజ కాకముందు అద్దాల బీరువా తెరవ, సామాను ముట్ట. ఈ ఒక్కదినం నా పట్టు గది."

నిన్న రాత్రి దీపతో తాను అన్న మాటలే ముత్తమ్మకు ఎదురుగా కూర్చుని మీసం దువ్వుతున్నట్టున్నాయి. పక్కనుంచి దీప అత్తగారి ముఖం చూసి, నవ్వు ఆపుకోలేక షట్టరు వైపు తిరిగింది.

"నవ్వకు" అంది ముత్తమ్మ మెల్లగా. "రాములూ, పూజ ఎప్పుడైతది?"

"పంతులు రావాలె. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల లారీల పూజకు పోయిండు. ఇగ వస్తడు, అగ వస్తడు అనుకుంట పొద్దటి సంది ఉపాసం కూసున్న."

"ఎన్ని లారీలున్నయి ఆడ?"

"మస్తున్నయి."

"అయితె నువ్వు రేపటి దాక ఉపాసమే. లే, నేను జేస్త."

బుచ్చిరాములు అనుమానంగా చూశాడు. "నీకు మంత్రాలొస్తయా పెద్దమ్మా?"

"నాకు రావు. నీ స్క్రూడ్రైవర్లకు వస్తయా?"

అతనికి నవ్వొచ్చింది. ఆకలి కూడా గట్టిగానే ఉంది. లేచి నీళ్ళ చెంబు అందించాడు. ముత్తమ్మ చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టి, దీపం వెలిగించింది. తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచింది. "ఈ పిల్లగాని చేతిల సామాను వాని చెయ్యి కాల్చొద్దు, కొన్నోని ఫోను పేలొద్దు, గల్లా ఖాళీ ఉండొద్దు" అని గట్టిగానే మొక్కింది. బుచ్చిరాములు భక్తిగా గంధంలో వేలు ముంచి, విప్పి పెట్టిన సెల్లుఫోను కడుపులోకి బొట్టు పెట్టబోయాడు. ముత్తమ్మ టక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"ఆడ వద్దు."

"ఎందుకు?"

తనను ఒకరు ఎందుకని అడగడం ముత్తమ్మకు వింతగా అనిపించింది. "మెరిసేదంత ముఖం కాదు బిడ్డా. దాని వీపు మీద పెట్టు. వీపుకు పెడితె దేవుడు వద్దంటడా?" అంది.

కొబ్బరికాయ ఒక్క దెబ్బకే సమంగా పగిలింది. బుచ్చిరాములు సంతోషంగా అద్దం తెరిచి కొత్త రీడర్ తీశాడు. ముత్తమ్మ మొదటి బేరం తనదేనని చెప్పి డబ్బులు గల్లాలో తన చేత్తోనే వేసింది. ఒక కొబ్బరి చెక్క కూడా పుచ్చుకుంది, పూజ చేసినందుకు.

ఇంటికి వచ్చి రీడర్‌ను గుచ్చగానే నీలం లైటు వెలిగింది. దీప ఊపిరి వదిలింది. అంతలో ల్యాప్‌టాప్ తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. అందులో ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. దీప కంగారులో వేలు మీట మీదికి పోనిచ్చింది.

"ఆగు. ఏమని అడుగుతున్నది? చదువు" అంది ముత్తమ్మ.

"కార్డును ఫార్మాట్ చెయ్యాల్నా అని అత్తమ్మా. చేస్తెనే నడుస్తదట."

"ఫార్మాట్ అంటె?"

"అంటె... కొత్తగ చేసుడు."

"కొత్తగ అంటె? పాతయి ఉంటయా, పోతయా?"

దీప వేలు గాల్లోనే ఆగిపోయింది. తెలియని మాట కాదది. పెళ్ళిళ్ళ సీజనులో ఖాళీ కార్డుల మీద ఎన్నోసార్లు తాను చేసిన పనే. భయంలో బుర్ర పనిచేయలేదు, అంతే. "పోతయి" అంది. "మొత్తం తుడిచేస్తది."

"తుడుస్తనని మర్యాదగనే అడుగుతున్నది గద. వద్దని మర్యాదగనే చెప్పు."

దీప వద్దని నొక్కింది. చెమట తుడుచుకుంది. ముత్తమ్మ కార్డు తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. పళ్ళు మెరుస్తూనే ఉన్నాయి కానీ, రెండు పళ్ళ నడుమ సన్నటి సందులో పసుపు గీత దాక్కుని ఉంది. అగ్గిపుల్ల చివరికి దూది చుట్టి, స్పిరిట్ అద్ది, ఆ సందులన్నీ మళ్ళీ తుడిచింది. ఈసారి వెంటనే పెట్టలేదు. "ఆరాలె. తొందరపడే ఇంత దాక తెచ్చుకున్నం" అని ఫ్యాను కింద పళ్ళెంలో పెట్టింది. ఈలోపు ఇద్దరూ గారెలు వేశారు. గండయ్య పళ్ళేనికి కాపలా కూర్చుని, కాకి వచ్చి ఎత్తుకుపోతుందేమోనన్నట్టు గుమ్మంవైపు చూస్తూ ఉన్నాడు.

మళ్ళీ పెట్టినప్పుడు లైటు వెలిగింది. పెట్టె ఏదీ తెరుచుకోలేదు. కాసేపు తెర ఆలోచించినట్టు ఆగి, ఒక్కసారిగా చిన్న చిన్న ఫోటోలు వడియాలు ఆరబోసినట్టు పరుచుకున్నాయి. రాజశ్రీ, తేజేష్, ఉంగరాలు, పట్టుచీరలు.

"కొట్టుండ్రి అత్తమ్మా" అంది దీప, ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు జరిపి. "రోజు మీరే దించుతరు గద."

ముత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కంట్రోల్ పట్టుకుంది. సి కొట్టి ఎత్తుకుంది, వి కొట్టి దించింది. పచ్చ గీత ఆ కొస నుంచి ఈ కొసకు చేరేదాకా ఆమె రెప్ప వేయలేదు.

అన్నీ వచ్చాయి. ఒక్కటి మాత్రం పైన సగం బాగుండి, కింది సగం బూడిదరంగు గుడ్డ కప్పినట్టు వచ్చింది. అది గంగాధరరావు అక్షింతలు వేస్తున్న ఫోటో. పిల్లా పిల్లవాడూ వంగి ఉన్న చోటంతా బూడిద, పైన ఆయన తలపాగా, కళ్ళద్దాలు, ముక్కు. ముక్కు కింద ఏమీ లేదు.

"అన్నిట్ల గీయనదే పోవాల్నా?" అంది దీప. "తీసేద్దామా? అడిగితె తియ్యలేదని చెప్దాం."

"తీసిన ఫోటో తియ్యలేదని ఎట్ల చెప్తం? సార్ ముందు రాజు కెమెరా లైటు ఎలిగింది, ఆయన సూసిండు" అంది ముత్తమ్మ. "ఉండనియ్యి. కెమెరా తెచ్చినంక రాజును మీదికి రమ్మను."

పొద్దువాలే వేళకు జమ్మి చెట్టు దగ్గరకు వెళ్ళినవాళ్ళు ఆకులు పట్టుకుని తిరిగొచ్చారు. వీధంతా ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టి, బంగారమని చెప్పి, కౌగలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటున్నారు. ముత్తమ్మ కొంగులో జమ్మి కొమ్మ, చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పై వాటాకు ఎక్కింది. వెనకాల కొత్త రీడర్ పట్టుకుని దీప, అన్నోజిగూడ నుంచి అప్పుడే దిగిన రాజు.

పెళ్ళికొడుకు తేజేష్ వాళ్ళు వచ్చి ఉన్నారు. గంగాధరరావు నడి కుర్చీలో కూర్చున్నాడు.

"వచ్చాయా ఫోటోలు?" అన్నాడు, రాకపోతే బాగుండునన్నట్టు.

"మాట ఇచ్చిన గద సారూ. సూడుండ్రి."

దీప ఒక్కొక్కటీ జరుపుతూ ఉంటే అందరూ మీద మీద పడి చూశారు. ఉంగరం తొడిగే ఫోటో రాగానే శ్యామలాదేవి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "రాజూ, ఎంత బాగా తీశావయ్యా" అంది. పెళ్ళికొడుకు తల్లి అది తన ఫోనులోకి కావాలని పట్టుబట్టింది. చివరికి ఆ బూడిదరంగు ఫోటో వచ్చింది. రాజశ్రీ నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోట్లో పెట్టుకుంది.

"ఇదేమిటి? నా మూతి ఏదీ?" అన్నాడు గంగాధరరావు. "అనుకున్నాను. నేను ముందే చెప్పాను కదమ్మా శ్యామలా."

రాజు నోరు విప్పబోయాడు. ముత్తమ్మ చేత్తో ఆపింది.

"రాజుది తప్పు లేదు సారూ. ఆయుధ పూజల నేను కార్డుకు గంధం పెట్టిన. పెట్టరాని కాడ పెట్టిన. అన్ని తిరిగొచ్చినయి, మీ ఒక్కరిది సగం నేను మింగిన. ఫోటోలు రాకుంటె నన్నడుగుమన్న గద, అడుగుండ్రి."

గంగాధరరావు ఆమెను చూశాడు. దులపడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ రాజు మీదికి సరిపోతాయి తప్ప ఈవిడ మీదికి సరిపోవడం లేదు.

"కార్డుకు గంధమేమిటండీ వదినగారూ" అంది శ్యామలాదేవి, నవ్వుతూనే. "మా స్కూల్లో కంప్యూటరు గదికి ఈ రోజు నేనూ పూజ చేసి వచ్చాను. కీబోర్డు మీద అక్షింతలు చల్లాను. రేపు వెళ్ళి చూడాలి."

"ఒక్కో మీట పీకి దులుపుండ్రి టీచరమ్మా, నీళ్ళు మాత్రం పొయ్యకుండ్రి" అని ముత్తమ్మ ఆమెకు చెప్పి, గంగాధరరావు వైపు తిరిగింది. "సారూ, పిల్ల ఈడనే ఉన్నది, పిల్లగాడు ఈడనే ఉన్నడు. మీరు సుత ఈడనే ఉన్నరు. దసరా జమ్మి కన్న మంచి అక్షింతలేమున్నయి? జర లేసి మల్లొక్కసారి దీవించుండ్రి. ఈసారి మూతితోని తీస్తరు."

తేజేష్ వాళ్ళ అమ్మ మొదట నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు. గంగాధరరావు కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. అందరి చూపూ తన మీదే ఉండటం ఆయనకు ఎప్పుడూ చేదైన సంగతి కాదు. లేచి కండువా సర్దుకున్నాడు. "నిన్న ఆ తలపాగా బిగుతుగా కట్టారు. ఇలా ఉంటేనే బాగుంటుంది" అన్నాడు. రాజుతో, "ఎడమవైపు నుంచి తియ్యవయ్యా. కుడివైపు నా ముక్కు పెద్దదిగా పడుతుంది" అని కూడా చెప్పాడు.

ముత్తమ్మ కొంగులోంచి జమ్మి ఆకులు దూసి ఆయన దోసిట్లో పోసింది. రాజశ్రీ, తేజేష్ వంగారు. రాజు ఎడమవైపుకు జరిగాడు. ఆకులు రాలాయి, లైటు వెలిగింది.

"ఇప్పుడే చూపిస్తారా?" అని అడిగాడు గంగాధరరావు, కూర్చోకుండానే.

రాజు కెమెరాలోంచి కార్డు తీసి అలవాటుగా తల్లికి అందించాడు. కెమెరా పొట్ట మీద పొద్దుటి గంధం ఇంకా పచ్చగానే ఉంది. ముత్తమ్మ ముందు తన వేళ్ళు చూసుకుంది. జమ్మి పసరు అంటి ఉంది. కొంగుకు తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్ళీ తుడుచుకుంది. కార్డును అంచులు పట్టుకుని తిప్పి, పళ్ళు కిందికి ఉన్నాయని చూసుకుని, కొత్త రీడర్ నోట్లోకి నెమ్మదిగా జార్చింది.

గంగాధరరావు కళ్ళద్దాలు సర్దుకుని ఆమె భుజం మీదుగా వంగాడు. "ఆ నీలం లైటు ఎందుకమ్మా వెలుగుతోంది?"

"కూసోండ్రి సారూ, చెప్త" అంది ముత్తమ్మ, చాప మీద ఆయనకు చోటిస్తూ.